గుండె నిండా రక్తమే ఉన్నా గుండెకే రక్తం అందకపోవడం ఏమిటి?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక సోదరి తమ ఇంట్లో పుట్టిన సందేహాన్ని నా ముందు పెట్టారు. 64 ఏళ్ల వారి నాన్నగారికి మెట్లు ఎక్కుతున్నప్పుడు ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉండి, కాసేపు నిలబడితే సర్దుకుంటోందట. యాంజియోగ్రాం చేసిన డాక్టరుగారు ఎల్ఏడీ అనే రక్తనాళంలో 80 శాతం బ్లాకు ఉందనీ, అందువల్ల గుండెకు రక్తం సరిగా అందడం లేదనీ, పంపింగ్ మాత్రం 60 శాతం ఉంది కనుక ఆ విషయంలో దిగులు అక్కర్లేదనీ చెప్పారట. పక్కనే ఉన్న పదో తరగతి మనవడు, "గుండె నిండా ఎప్పుడూ రక్తమే ఉంటుంది కదా, అలాంటి గుండెకే రక్తం అందకపోవడం ఏమిటి?" అని అడిగితే ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. నెల క్రితం తీసిన ఈసీజీ బాగానే ఉన్నప్పుడు ఇంత బ్లాకు ఎక్కడి నుంచి ఊడిపడిందన్నది ఆమె సందేహం. 60 శాతం అంటే మిగతా 40 శాతం పోయినట్టేనా అన్నది నాన్నగారి బెంగ. పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా మొదటి నుంచీ చెప్పమని కోరారు.

నేను గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. గుండె ఎలా పనిచేస్తుందో చెప్పగలను గానీ, మీ నాన్నగారికి స్టెంటు వేయాలా, మందులతో సరిపెట్టాలా అన్నది ఆయనను పరీక్షించిన డాక్టరుగారే తేల్చాలి. మనవడి ప్రశ్నకు మాత్రం నా అభినందనలు. మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులను ఇదే ప్రశ్న అడిగినప్పుడు, నాలుగు గదుల పేర్లూ నాలుగు కవాటాల పేర్లూ గడగడా అప్పజెప్పినవారు కూడా తడబడటం నేను ఏటా చూశాను.

ముందుగా మన మాటల్లో ఉన్న ఒక తికమకను తొలగించుకోవాలి. వాడుకలో మనం అన్నిటినీ "నరం" అనే అంటాం. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదంటాం, నరం పట్టేసిందంటాం, గుండె నరాలు మూసుకుపోయాయంటాం. మొదటిది సిర, రెండోది చాలాసార్లు కండరం, మూడోది ధమని. "నాడి" సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. పుస్తకంలో నాడీవ్యవస్థ అంటే మెదడూ దాని తంతువులూ, వైద్యుడు నాడి పట్టుకుంటే అది మణికట్టు దగ్గర కొట్టుకునే ధమని. కాబట్టి ఇక్కడ నేను రెండే మాటలు వాడతాను. గుండె నుంచి బయటికి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. మంచి రక్తం, చెడు రక్తం అన్న విభజనను ఈ పేర్లకు ముడిపెట్టకూడదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తగ్గిన రక్తమే ఉంటుంది, ఊపిరితిత్తుల నుంచి వచ్చే పుపుస సిరల్లో ఆక్సిజన్ నిండిన రక్తం ఉంటుంది. పరీక్షలో పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోటు ఇదే.

గుండె ఎడమవైపున ఉంటుందనుకుంటాం గానీ, నిజానికి అది రొమ్ముటెముక వెనుక, దాదాపు ఛాతీ మధ్యలోనే ఒరిగి ఉండి, దాని మొన ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. ఎవరి గుండె వారి పిడికిలంత, పెద్దవాళ్లలో సుమారు 300 గ్రాముల బరువు. పుస్తకంలోని బొమ్మలో కుడి గదులు కాగితానికి ఎడమవైపున కనిపిస్తాయి. ఆ బొమ్మను మనకు ఎదురుగా నిలబడిన మనిషి గుండెగా చూడాలి, అద్దంలో మన నీడగా చూడకూడదు. పైన పల్చని గోడల కర్ణికలు రెండు, కింద మందమైన గోడల జఠరికలు రెండు. కుడి ఎడమల మధ్య ఎడతెగని గోడ ఉంటుంది. అందువల్ల గుండె నిజానికి ఒకదానికొకటి అంటుకుని, ఒకే తాళానికి కొట్టుకునే రెండు పంపులు.

మాంసం కొట్టు నుంచి మేక గుండెకాయ తెప్పించి, బల్ల మీద పెట్టి నిలువునా కోసి చూపించడం నాకు అలవాటు. అది చూసిన విద్యార్థికి బొమ్మ అక్కర్లేదు. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకు రెండు మూడు రెట్లు మందంగా వేలికి గట్టిగా తగులుతుంది. మనిషిలోనూ అంతే, ఎడమ గోడ సుమారు ఒక సెంటీమీటరు మందం. కారణం పనిలో ఉన్న తేడా. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తాన్ని తోస్తే చాలు, అందుకు 25 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి సరిపోతుంది. ఎడమ జఠరిక తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి, అందుకు 120 దాకా ఒత్తిడి పుట్టించాలి. మనం బీపీ 120/80 అంటున్నప్పుడు పై అంకె ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు ధమనుల్లో ఉండే ఒత్తిడి, కింది అంకె అది సడలి ఉన్నప్పుడు ఉండే ఒత్తిడి. కవాటాలు ఈ పనిలో వెనక్కు రానివ్వని తలుపులు. కర్ణికకూ జఠరికకూ మధ్యనున్న తలుపులను తెల్లని దారాల్లాంటి తంతువులు కిందికి లాగి పట్టుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే లబ్, డబ్ చప్పుళ్లు గుండెలోని కవాటాలు మూసుకున్నప్పటివే.

ఇక రక్తం తిరిగే దారి. ఒంటి నుంచి వచ్చిన రక్తం మహాసిరల ద్వారా కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి కుడి జఠరికలోకి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు, ఆక్సిజన్ నింపుకుని పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, అక్కడి నుంచి బృహద్ధమని ద్వారా ఒళ్లంతటికీ వెళ్లి, వెంట్రుక కంటే సన్నని కేశనాళికల గుండా సాగి, సిరల ద్వారా మళ్లీ మొదటికి వస్తుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషిలో ఒక్కో కొట్టుకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 72 సార్లు అనుకుంటే, నిమిషానికి 5 లీటర్లు. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కూడా దాదాపు అంతే. అంటే మనం ఒక నిమిషం కబుర్లు చెప్పుకునేలోగా రక్తమంతా ఒక చుట్టు తిరిగి వస్తోంది. రోజుకు 7200 లీటర్లు. ఎండాకాలంలో మన వీధుల్లోకి వచ్చే 5000 లీటర్ల నీటి ట్యాంకరుతో కొలిస్తే దాదాపు ఒకటిన్నర.

ఈ చిన్న గుణకారమే వైద్యశాస్త్రాన్ని మలుపు తిప్పింది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలన్, తిన్న ఆహారం నుంచి రక్తం కాలేయంలో తయారవుతుందనీ, అది అవయవాలకు పారి అక్కడే ఖర్చయిపోతుందనీ చెప్పాడు. అది అచ్చం మన కృష్ణా డెల్టా కాలువల లెక్క. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో పారి, పొలాల్లో ఇంకిపోతుంది, తిరిగి బ్యారేజీకి రాదు. ఆ నమ్మకం పద్నాలుగు వందల ఏళ్లు నిలిచింది. 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే, గుండె అరగంటలో తోసే రక్తమే ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతుందని లెక్కకట్టి, అంత రక్తం తిండి నుంచి ఎప్పటికప్పుడు పుట్టడం అసాధ్యం కనుక అదే రక్తం మళ్లీ మళ్లీ తిరగక తప్పదని తేల్చాడు. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఏ దారిన చేరుతుందో ఆయనకు కనిపించలేదు. ఆయన 1657లో కన్నుమూశాక, 1661లో మాల్పీగి అనే ఇటలీ శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తిలో ఆ కేశనాళికలను చూశాడు. అందుచేత, బ్లాకుల గురించి చెప్పేటప్పుడు కాలువలో పూడిక, శివారు భూములకు నీరందకపోవడం అంటూ మన వైపు అందరూ చెప్పే పోలిక ఒక మేరకు పనికొస్తుంది గానీ, రక్తప్రసరణ మొత్తానికి దాన్ని వర్తింపజేస్తే తెలియకుండానే గేలన్ పక్షాన చేరిపోతాం.

ఇప్పుడు మనవడి ప్రశ్నకు వద్దాం.

రక్తం ఒక అవయవం గుండా పోతున్నంత మాత్రాన ఆ అవయవానికి అందినట్టు కాదు. ఆక్సిజన్ కేశనాళికల పల్చని గోడ నుంచి మాత్రమే కణాలకు చేరగలదు, అదీ మిల్లీమీటరులో పదో వంతు దూరం దాటడం కూడా దానికి కష్టం. జఠరిక గదిలో ఉన్న రక్తం తనను తాకుతున్న లోపలి పొరకు కాస్త ఇవ్వగలదేమో గానీ, సెంటీమీటరు మందమున్న కండరం లోతుల్లోకి చొచ్చుకుపోలేదు. కప్ప గుండెకు ఈ ఇబ్బంది లేదు. దాని జఠరిక లోపలంతా స్పాంజిలా సందులు సందులుగా ఉండి, గదిలోని రక్తమే ఆ సందుల్లోకి దూరి కండరాన్ని పోషిస్తుంది. మనకు దట్టమైన, బలమైన గోడ కావలసి వచ్చింది. ఆ బలంతో పాటు, లోపలున్న రక్తాన్ని నేరుగా వాడుకునే వీలు పోయింది. పైగా కుడివైపు గదుల్లో ఉన్నది ఆక్సిజన్ ఇచ్చేసి వచ్చిన రక్తం, అది చేరినా పెద్దగా ఒరిగేది లేదు.

మరి గుండెకు అన్నం ఎక్కడ? బృహద్ధమని మొదట్లోనే, దాని కవాటానికి కొద్దిగా పైన, రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. మేక గుండెలో బృహద్ధమనిని నిలువునా చీల్చి కవాటపు రేకులను పక్కకు తప్పిస్తే, చీపురుపుల్ల దూరేంత రంధ్రాలు కనిపిస్తాయి. తరగతిలో ఎవరో ఒకరి చేత పుల్ల దూర్చించి, అది గుండె పైభాగాన ఏ దారిలో పోతోందో వేలితో తడమమనేవాడిని. అవే కరోనరీ ధమనులు, పుస్తకంలో హృదయ ధమనులు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఎడమది కొద్ది దూరం వెళ్లి రెండుగా చీలుతుంది. వాటిలో గుండె ముందుభాగం మీదుగా కిందికి దిగేదే మీ నాన్నగారి నివేదికలో ఉన్న ఎల్ఏడీ. ఎడమ జఠరిక ముందు గోడలో చాలా భాగమూ, రెండు జఠరికల మధ్య గోడలో ఎక్కువ భాగమూ దాని మీదే బతుకుతాయి కనుక డాక్టర్లు దాని పేరు వినగానే జాగ్రత్తపడతారు. గుండె బయటికి పంపే ప్రతి 100 మిల్లీలీటర్లలో సుమారు 5 మిల్లీలీటర్లు ఈ రెండు రంధ్రాల ద్వారా దాని సొంత కండరానికి వెనుదిరిగి వస్తాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నా ఉద్దేశంలో అసలు కీలకం అదే. జఠరిక గట్టిగా ముడుచుకున్నప్పుడు తన గోడలో ఉన్న సన్నని నాళాలను తానే నలిపేస్తుంది. అందువల్ల ఎడమ జఠరిక కండరంలోకి రక్తం ఎక్కువగా పారేది అది సడలి ఉన్న సమయంలోనే. పెళ్లి పందిట్లో పులిహోర బకెట్టు పట్టుకుని బంతి వెంట తిరిగే వడ్డనవాడిని తలచుకోండి. చేతిలో బకెట్టు నిండుగా ఉన్నా అందులోంచి తినడు, తనకంటూ ఒక విస్తరి వేసినప్పుడు, అదీ వడ్డన ఆగినప్పుడు మాత్రమే తింటాడు. బంతి మీద బంతి లేస్తూ వడ్డన ఆగకపోతే వాడి కడుపు మాడుతుంది. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఒక్కో కొట్టుకు 0.8 సెకను పడుతుంది. అందులో ముడుచుకోవడానికి సుమారు 0.3, సడలి ఉండడానికి 0.5. వేగం 150కి పెరిగితే మొత్తం కొట్టుకు దక్కేది 0.4 సెకనే, ఆ కోతలో ఎక్కువ భాగం సడలే సమయానికే పడుతుంది. అవసరం పెరిగినప్పుడే తినే వ్యవధి తగ్గుతుందన్నమాట.

మిగతా అవయవాలకు ఉన్న వెసులుబాటు కూడా గుండెకు లేదు. విశ్రాంతిలో ఒళ్లు మొత్తం మీద చూస్తే రక్తం మోసుకొచ్చిన ఆక్సిజన్‌లో నాలుగో వంతే ఖర్చవుతుంది, అవసరమైతే మిగిలినదాంట్లోంచి ఇంకొంత లాక్కోవచ్చు. గుండె కండరం మామూలుగా ఉన్నప్పుడే మూడింట రెండు వంతులు తీసేసుకుంటుంది. ఇక ఎక్కువ కావాలంటే ఎక్కువ రక్తం రావడమొక్కటే దారి. నిల్వలూ లేవు. కండరానికి ఇంధనంగా పనిచేసే ఏటీపీని 1929లో కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆ ఏటీపీ గుండెలో కొద్ది క్షణాలకు సరిపడా మాత్రమే ఉండి, ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న కరోనరీ ధమనులు అవసరాన్ని బట్టి విప్పారి, విశ్రాంతిలో పారేదానికి నాలుగైదు రెట్లు రక్తాన్ని పంపగలవు. బ్లాకు దెబ్బతీసేది ఈ పెంచుకునే శక్తినే. మీ నాన్నగారు కుర్చీలో కూర్చున్నంతసేపు ఏమీ లేకపోవడానికీ, ఇంద్రకీలాద్రి మెట్లు నాలుగు ఎక్కగానే ఛాతీ పట్టేయడానికీ కారణం ఇది.

80 శాతం అంకె గురించి కూడా కొంత చెప్పాలి. యాంజియోగ్రాంలో చెప్పే శాతం సాధారణంగా నాళపు వ్యాసంలో తగ్గుదల. వ్యాసంలో 80 శాతం తగ్గి 20 మిగిలితే, దారి వైశాల్యం మొదటి దాంట్లో 4 శాతమే. ఇంత ఇరుకులోనూ విశ్రాంతి వేళ రక్తం సరిపోవడానికి కారణం, ఇరుకుకు అవతల ఉన్న సన్నని ధమనులు ముందుగానే పూర్తిగా విప్పారి దారినివ్వడం, కొందరిలో పక్క నాళాల నుంచి చిన్న చిన్న అడ్డదారులు ఏర్పడటం. అంటే విశ్రాంతిలోనే ఆయన ఆ పెంచుకునే శక్తిని వాడేసుకుంటున్నారు, మెట్ల దగ్గర వాడుకోవడానికి ఏమీ మిగలడం లేదు.

ఈసీజీ ఎందుకు బాగుందో దీన్నిబట్టే తెలుస్తుంది. గుండె కొట్టుకోవడానికి కావలసిన విద్యుత్తు కుడి కర్ణిక గోడలో ఉన్న లయారంభకం అనే చిన్న కణాల గుంపులో పుట్టి, కర్ణికల మీదుగా కిందికి దిగి, జఠరికలకు వెళ్లే ముందు ఒక్క క్షణం ఆగి, అవి నిండాక వాటిని ముడుచుకునేలా చేస్తుంది. ఇందుకు మెదడు ఆజ్ఞ అవసరం లేదు. వేగాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే మెదడు నుంచి వచ్చే నాడుల పని. రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశపు తొలి గుండె మార్పిడి విజయవంతంగా చేశారు. 2016లో మా గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ గుండె మార్పిడి జరిగింది. అలా మార్చిన గుండెకు నాడులన్నీ తెగిపోయి ఉంటాయి, అయినా అది సొంతంగానే కొట్టుకుంటుంది, కాకపోతే కళ్లెం వేసే నాడి లేక కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఈసీజీ చూపేది ఈ విద్యుత్తు ఆ పది సెకన్లలో ఎలా నడిచిందన్నది మాత్రమే. పడుకుని ఉన్న మనిషికి ఆ పది సెకన్లలో రక్తం చాలితే గీతలు సవ్యంగానే వస్తాయి. అది ఈసీజీ తప్పూ కాదు, తీసినవారి తప్పూ కాదు. నడిపిస్తూ తీసే ట్రెడ్‌మిల్ పరీక్ష అందుకే వచ్చింది. ఒక నెలలో 80 శాతం పేరుకోలేదు, అది ఏళ్ల తరబడి పేరుకున్నదే.

పేరుకోవడం అన్నాను గానీ, అది పైపు లోపల మురికి పట్టడం లాంటిది కాదు. కొవ్వు ధమని గోడ పొరల్లోకి చేరి, అక్కడ వాపు పుట్టి, గోడ లోపలికి ఉబ్బుతుంది. దాని మీద ఒక పొర కప్పుకుని ఉంటుంది. అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, తేనె కలిపి కాచిన కషాయం బ్లాకులను కడిగేస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలు ఎందుకు నిలవవంటే, కడగడానికి అది నాళం లోపల లేదు, గోడలో ఉంది. వంటింటి వస్తువుల మీద నాకేమీ కోపం లేదు, అవి చూసుకుని మందులు మానేసినవారి మీదే దిగులు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు ఆ కొవ్వును కరిగించి దారి తెరుస్తాయని కూడా అనుకోకూడదు. అవి ముఖ్యంగా పైపొరను గట్టిపరిచి, పగలకుండా చూస్తాయి. పగలడమే అసలు ప్రమాదం. ఆ పొర పగిలితే ఒంట్లో ఎక్కడ గాయమైనా రక్తం గడ్డకట్టినట్టే అక్కడా గడ్డకట్టి, నిమిషాల్లో నాళం పూర్తిగా మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అంతకుముందు దారిని పెద్దగా ఇరుకు చేయని చోట కూడా ఇలా జరగవచ్చు. కాబట్టి శాతాల అంకె ఒక్కటే చూసి, 80 వారు భయపడటమూ 40 వారు ధీమాగా ఉండటమూ రెండూ పొరపాటే.

నాన్నగారి బెంగకు జవాబు సులువు. సడలినప్పుడు ఎడమ జఠరికలో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం నిండుతుంది, ముడుచుకున్నప్పుడు 70 బయటికి వెళ్తుంది, 50 లోపలే ఉండిపోతుంది. 120లో 70 అంటే 58 శాతం. ఎకో అనే గుండె స్కానింగులో చెప్పే పంపింగ్ శాతం ఇదే. ఆరోగ్యవంతుల్లో కూడా ఇది 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. నూటికి నూరు వచ్చే గుండె లోకంలో లేదు. కాబట్టి 60 అంటే పోయింది ఏమీ లేదు, కండరం ఇంకా చెక్కుచెదరలేదని అర్థం. ఆ కండరాన్ని కాపాడుకోవడానికే ఈ వైద్యమంతా.

యాంజియోగ్రాం తీసేటప్పుడు మణికట్టు నుంచి గుండె దాకా గొట్టం ఎలా వెళ్లిందని కూడా మనవడు అడుగుతాడు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే యువ వైద్యుడు తన మోచేతి దగ్గర సిరలో సన్నని గొట్టం దూర్చుకుని, గుండె దాకా తోసి, తానే నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. అప్పట్లో చీవాట్లు తిన్నాడు, 1956లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన వెళ్లింది సిర ద్వారా కనుక గొట్టం కుడి కర్ణికకు చేరింది. మీ నాన్నగారికి మణికట్టు ధమని ద్వారా, ప్రవాహానికి ఎదురుగా వెళ్లారు కనుక బృహద్ధమనికి, అక్కడి ఆ రెండు రంధ్రాల దగ్గరకు చేరారు. ఒకే చేతిలో రెండు దారులు, రెండు వేర్వేరు పంపుల దగ్గరకు.

బుడగతో ఇరుకును తెరవడం 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్‌తో మొదలైంది, తెరిచిన చోటు మళ్లీ ముడుచుకోకుండా నిలబెట్టే లోహపు జాలీ గొట్టమే స్టెంటు. బైపాస్‌లో ఇరుకును కదిలించరు, దాన్ని దాటిపోయేలా ఛాతీ లోపలి ధమనినో కాలి సిరనో తెచ్చి కుడతారు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. కాళ్లలోని సిరల్లో రక్తం కిందికి జారకుండా కవాటాలుంటాయి, పిక్క కండరాలు పిండినప్పుడల్లా రక్తం ఒక మెట్టు పైకెక్కి అక్కడ ఆగుతుంది. బెంజ్ సర్కిల్‌లో గంటల తరబడి కదలకుండా నిలబడే ట్రాఫిక్ పోలీసుల్లాంటి వారికి కాళ్ల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరగడానికి ఈ కవాటాలు అలసిపోవడం ఒక కారణం. అదే సిరను గుండెకు కుట్టేటప్పుడు తలకిందులు చేసి కుట్టాలి, లేకపోతే దాని కవాటాలే రక్తానికి అడ్డుపడతాయి. హార్వే తన వాదానికి రుజువుగా చూపినవి కూడా సిరల్లోని ఈ కవాటాలనే.

చివరిగా మీ ఇంటికి సంబంధించిన మాట. మన ప్రాంతంలో సాయంత్రం రెండు మిరపకాయ బజ్జీలు తిన్న మనిషికి ఛాతీలో మంటో బరువో వస్తే గ్యాస్ అనే పేరు పెట్టేస్తాం, సోడా తాగించి పడుకోబెడతాం. గుండె నుంచి వచ్చే నొప్పిని మెదడు సరిగ్గా చోటు పెట్టి చెప్పలేదు. గుండె నుంచి వచ్చే నాడులూ, చేయి, దవడ, పై పొట్ట నుంచి వచ్చే నాడులూ వెన్నుపాములో దగ్గర దగ్గరగా చేరడమే దానికి కారణం. అందుకే అది ఎడమ చేతిలోనో దవడలోనో పొట్ట పైభాగంలోనో తెలియవచ్చు. షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే రావచ్చు. మెట్ల దగ్గర వచ్చి నిలబడితే పోయే నొప్పి మీ నాన్నగారికి ఇప్పటికే తెలిసినది. అది కూర్చున్నప్పుడే రావడం మొదలైనా, తరచుగా వస్తున్నా, పదీ పదిహేను నిమిషాలు దాటినా అది వేరే సంగతి, అప్పుడు సోడా వెతకకుండా 108కి ఫోన్ చేయండి. పూర్తిగా మూసుకుపోయిన నాళం కింద కండరం అరగంటలోపే చావడం మొదలవుతుంది, ఆ తరువాత గడిచే ప్రతి గంటా ఆ 60 శాతంలోంచి కొంత తీసుకుపోతుంది.

రోహిణి కార్తెలో విజయవాడ ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో ఒళ్లు చల్లబడటానికి చర్మంలోని నాళాలు విప్పారుతాయి, చెమటతో నీరు పోతుంది, ఉన్న రక్తంతోనే నెట్టుకురావడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. వేగం పెరిగితే ఏమవుతుందో పైన చెప్పాను. ఆ రోజుల్లో బజారు పనులు పొద్దున ఎనిమిదిలోపే ముగించుకోమనండి. ఊరగాయ సంగతి కూడా అడిగారు. కారం వల్ల బ్లాకులు రావు, దిగులుపడవలసింది ఆవకాయలోని ఉప్పు గురించి. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే ఒక చిన్న చెంచా. అందులోకి కూర, పప్పు, పెరుగన్నంలో నంచుకునే ముక్క అన్నీ వస్తాయి.